న్యూజెర్సీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి కారులో, అమ్మానాన్నలతో: ఏ దారి పట్టాలి, ఏది వదలాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉద్యోగం మారి న్యూజెర్సీ నుంచి బే ఏరియాకి వెళ్తున్నారు. జూన్ రెండో వారంలో బయలుదేరాలి, చేతిలో 16 రోజులున్నాయి. కారులో మీ దంపతులు, ఎనిమిదేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మగారు, నాన్నగారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నాన్నగారికి బీపీ. చికాగో, మౌంట్ రష్మోర్, యెల్లోస్టోన్, డెన్వర్, మోయాబ్, గ్రాండ్ క్యానియన్, లాస్ వేగాస్, లాస్ ఏంజెలెస్ అన్నీ కలిసొచ్చేలా రూటు చెప్పమన్నారు.

సూటిగా చెప్తాను. ఆ లిస్టులో డెన్వర్ నుంచి చివరిదాకా ఉన్నవన్నీ తీసేయండి. చికాగో దాటాక ఐ-90 హైవే మీద ఉత్తరం దారిలో సౌత్ డకోటా, వ్యోమింగ్ మీదుగా యెల్లోస్టోన్ చేరండి. అక్కడి నుంచి జాక్సన్ మీదుగా సాల్ట్ లేక్ సిటీకి దిగి, ఐ-80 పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లండి. తిరుగుళ్లతో కలిపి మూడున్నర వేల మైళ్ల చుట్టుపక్కల వస్తుంది. 16 రోజులకు ఇది సరిపోతుంది. మీ పూర్తి లిస్టు మాత్రం సరిపోదు. బలవంతంగా ఇరికిస్తే అమ్మానాన్నలకు గుర్తుండేది కారు వెనక సీటే.

ఎందుకు వదలమంటున్నానంటే, మీరు వెళ్తున్నది కాలిఫోర్నియాలో కాపురం పెట్టడానికి. లాస్ ఏంజెలెస్ అక్కడి నుంచి ఒక్కరోజు డ్రైవ్. వేగాస్‌కి విమానంలో గంటన్నర. వేగాస్ నుంచి జయాన్ నేషనల్ పార్కు 160 మైళ్లు, గ్రాండ్ క్యానియన్ సౌత్ రిమ్ 280 మైళ్లు. ఏ లాంగ్ వీకెండ్‌కైనా వెళ్లొచ్చు. పైగా జూన్ చివర్లో మోయాబ్, వేగాస్ ఎండలు పెద్దవాళ్లు తట్టుకునేవి కావు. బ్యాడ్‌ల్యాండ్స్, బ్లాక్ హిల్స్, బిగ్‌హార్న్ కొండలు (ఇవన్నీ ఉత్తరం దారిలోవే) అలా కాదు. బే ఏరియాలో స్థిరపడ్డాక వాటికోసం పనిగట్టుకుని టికెట్ కొనుక్కుని వెళ్లేవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. తర్వాత తేలిగ్గా వెళ్లగలిగేవాటిని ఈ ట్రిప్‌లో పెట్టకండి. మళ్లీ ఆ వైపు వెళ్లే పని పడనివాటికే ఈ 16 రోజులూ ఇవ్వండి. దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి ఇల్లు మారేవాళ్లకు నేను రూటు వేసి ఇచ్చేటప్పుడు మొదట చూసేది ఇదే.

"మరి న్యూజెర్సీలో మొదలై తిన్నగా శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోయే ఐ-80 ఉంది కదా, మొత్తం దాని మీదే పోతే?" అని అడగొచ్చు. అది దాదాపు 2,900 మైళ్లు, దగ్గరి దారే. సామాను చేర్చడమే పని అయితే అదే మేలు. కానీ చికాగో దాటాక అయోవా, నెబ్రాస్కా, దక్షిణ వ్యోమింగ్ అంతా ఆ దారిలో కారు దిగి చూడాలనిపించే చోట్లు అరుదు. పెద్దవాళ్లను తీసుకెళ్తున్నప్పుడు ఆ ఆరువందల పైచిలుకు మైళ్లు ఎక్కువైనా ఉత్తరం దారికే నా ఓటు.

ఇక రోజుల లెక్క. అందరూ ముందు మ్యాప్‌లో గీత గీసి, తర్వాత ఎక్కడ పడుకోవాలో చూస్తారు. మీరు తిరగేసి చేయండి. ముందు ఎక్కడ రెండు మూడు రాత్రులు వరసగా ఉంటారో తేల్చుకోండి. మీకు అవి మూడు: చికాగోలో రెండు రాత్రులు, ర్యాపిడ్ సిటీలో రెండు, యెల్లోస్టోన్‌లో మూడు. మిగతావన్నీ ఒక్కో రాత్రి మజిలీలు: క్లీవ్‌ల్యాండ్, లా క్రాస్, చేంబర్లెన్, కోడీ, జాక్సన్, సాల్ట్ లేక్ సిటీ, విన్నెమక్కా. ఇలా 15వ రోజుకి శాన్‌ఫ్రాన్సిస్కో చేరతారు, ఒక రోజు మిగులుతుంది. ఆ రోజును దేనికీ కేటాయించకండి. పాపకు జ్వరం వచ్చినా, కారు ఇబ్బంది పెట్టినా అది వాడుకోవచ్చు. ఏమీ కాకపోతే నచ్చిన చోట ఇంకో రాత్రి ఉండొచ్చు.

గూగుల్ మ్యాప్స్ ఆరు గంటలని చూపిస్తే మీకు ఏడున్నర, ఎనిమిది అని రాసుకోండి. పెద్దవాళ్లు రెండు గంటలకోసారి దిగి పది నిమిషాలు నడవాలి. నడుం, మోకాళ్లు పట్టేయకుండా ఉండటానికే కాదు, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. మొదటి రోజు క్లీవ్‌ల్యాండ్, తర్వాత చేంబర్లెన్, కోడీ, శాన్‌ఫ్రాన్సిస్కో చేరే రోజులు కొంచెం పెద్దవి. మిగతా రోజుల్లో మ్యాప్ ప్రకారం ఆరు గంటలు దాటే పని ఉండదు.

పడమటికి వెళ్లేవాళ్లకు ఒక మంచి సౌకర్యం ఉంది. పొద్దున సూర్యుడు వీపు వెనక ఉంటాడు, ముందున్నదంతా వెలుగులో కనిపిస్తుంది. సాయంత్రం పొద్దు వాలాక అదే ఎండ నేరుగా డ్రైవర్ కళ్లలో కొడుతుంది. పైగా దారిలో మూడు చోట్ల గడియారం గంట వెనక్కి జరుగుతుంది కాబట్టి పొద్దున్నే మెలకువ దానంతటదే వస్తుంది. ఆరున్నరకల్లా బయలుదేరి, నాలుగింటికల్లా గదికి చేరండి. చీకటి పడ్డాక సౌత్ డకోటా, వ్యోమింగ్ రోడ్ల మీద నడపొద్దు. సాయంత్రం మసక వెలుతురులో జింకలు అడ్డం వస్తాయి. అక్కడ ఇంటర్‌స్టేట్ మీద స్పీడ్ లిమిట్ 80, ఆ వేగంలో బ్రేకు పట్టేలోపే అంతా అయిపోతుంది.

చేంబర్లెన్‌లో ఆగమనడానికి కారణం ఉంది. అక్కడ ఐ-90 మిజోరీ నదిని దాటుతుంది. వంతెనకు ముందే రెస్ట్ ఏరియా ఉంటుంది. అందులో 2016లో పెట్టిన 'డిగ్నిటీ' అనే యాభై అడుగుల విగ్రహం, నక్షత్రాల దుప్పటి కప్పుకుని నిలబడ్డ స్థానిక తెగల స్త్రీది. మా మామగారిని తీసుకెళ్లినప్పుడు ఆయన విగ్రహం కంటే నది వైపే ఎక్కువసేపు చూశారు. "ఇటు మొక్కజొన్న, అటు ఒట్టి గడ్డే" అన్నారు. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి కాబట్టి వెంటనే పట్టేశారు. నిజంగానే నదికి తూర్పున చదునైన పంట పొలాలు, పడమర గడ్డి గుట్టలు, పశువుల మేత భూములు. వంతెన ఎక్కి దిగేలోపు నేల తీరే మారిపోతుంది.

మర్నాడు పొద్దున్నే బయలుదేరితే రెండు గంటల్లో బ్యాడ్‌ల్యాండ్స్. దారిలో మౌంటెన్ టైమ్ మొదలై ఒక గంట కలిసొస్తుంది. 131వ ఎగ్జిట్‌లో దిగి, లూప్ రోడ్ మీదుగా 110వ ఎగ్జిట్ దగ్గర వాల్ ఊళ్లో మళ్లీ ఐ-90 ఎక్కండి. తొందరపడి తిన్నగా వెళ్లిపోతే హైవే మీంచి ఏమీ కనిపించదు. లోపలికి తిరిగితే గేటు దాటిన కాసేపటికే గడ్డి మైదానం ఒక్కసారిగా తెగిపోయి, చారలు చారలుగా మట్టి శిఖరాలు కిందికి పరుచుకుని ఉంటాయి. వ్యూ పాయింట్లు చాలావరకు పార్కింగ్ పక్కనే కాబట్టి అమ్మగారికి నడక సమస్య కాదు. నీడ మాత్రం ఉండదు. టోపీలు, నీళ్లు చేతికి అందేలా పెట్టుకోండి.

ర్యాపిడ్ సిటీలో ఉండే రోజు రష్మోర్‌కి పొద్దున్నే వెళ్లండి. 1927లో మొదలుపెట్టి 1941 దాకా చెక్కిన ఆ నలుగురు అమెరికా అధ్యక్షుల ముఖాలూ ఒక్కోటి అరవై అడుగుల ఎత్తు. పొద్దుటి ఎండ నేరుగా వాటి మీదే పడుతుంది. తర్వాత ఐరన్ మౌంటెన్ రోడ్ మీదుగా కస్టర్ స్టేట్ పార్కుకి దిగండి. ఆ రోడ్డు మీది సొరంగాల్లోంచి వెనక్కి చూస్తే రష్మోర్ ఫ్రేము కట్టినట్టు కనిపిస్తుంది. పార్కులో 18 మైళ్ల వైల్డ్‌లైఫ్ లూప్ ఉంది, బైసన్ (అమెరికా అడవి దున్న) మందలు రోడ్డు పక్కనే మేస్తుంటాయి. పాపకు ఒక మాట కూడా చెప్పండి. ఈ బ్లాక్ హిల్స్ లకోటా ప్రజలకు పవిత్ర భూమి, 1868 ఒప్పందంలో వాళ్లకే రాసిచ్చి తర్వాత లాక్కున్నది. అది అన్యాయంగా తీసుకున్నదేనని 1980లో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుని పరిహారం ఇవ్వమంది. ఆ డబ్బు తీసుకోకుండా వాళ్లు భూమినే అడుగుతున్నారు. ఈ కథ తెలియకుండా ఆ కొండను చూస్తే సగమే చూసినట్టు.

ర్యాపిడ్ సిటీ నుంచి కోడీ వెళ్లేటప్పుడు బిగ్‌హార్న్ కొండలు దాటాలి. మూడు రోడ్లున్నాయి. నిండుగా సామాను వేసిన కారుకు బఫెలో ఊరి నుంచి యూఎస్-16 మంచిది. 9,666 అడుగుల పౌడర్ రివర్ పాస్ ఎక్కి, టెన్ స్లీప్ క్యానియన్‌లోకి దిగుతుంది. యూఎస్-14ఏ మరీ నిటారు, బరువైన బండితో అటు వెళ్లకండి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకుండా గేరు తగ్గించండి. ఆటోమేటిక్ కార్లలో కూడా 'ఎల్' అనో, మైనస్ గుర్తుతోనో ఆ సౌకర్యం ఉంటుంది. న్యూజెర్సీలో ఎప్పుడూ వాడి ఉండరు కాబట్టి బయలుదేరేముందే ఎక్కడుందో చూసుకోండి.

యెల్లోస్టోన్ గురించి ఎంత చెప్పినా తరగదు గానీ, ప్లానింగ్‌కి అవసరమైనంతే చెప్తాను. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే గ్రాండ్ లూప్ రోడ్ 142 మైళ్లు. స్పీడ్ లిమిట్ 45, చాలాచోట్ల అంతకంటే తక్కువ. వేగం సంగతి అలా ఉంచితే, దారిలో బైసన్లు ఉంటాయి. హేడెన్ వ్యాలీలో ఒక ముసలి బైసన్ రోడ్డు మధ్య పసుపు గీత మీద నడుస్తూ మా ముందు వెళ్లింది. దాని ఒంటి మీద వేసవికి ఊడుతున్న బొచ్చు పాత కంబళి పేలికల్లా వేలాడుతోంది. హారన్ కొట్టడానికి లేదు, దాటడానికి లేదు. అరగంటకు పైగా దాని వెనకే. మా అత్తగారు ఆ ట్రిప్ గురించి ఇప్పటికీ చెప్పేది ఆ అరగంట గురించే. అందుకే ఇక్కడ మూడు రాత్రులు పెట్టమన్నాను. రోజుకు లూప్‌లో ఒక భాగం చాలు. బైసన్‌కి 25 గజాలు, ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 100 గజాల దూరం తప్పనిసరి. ఫొటో కోసం పాపను దగ్గరికి పంపొద్దు.

అమ్మగారి మోకాళ్లకు తగ్గట్టు ఎంచుకోండి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ దగ్గర బెంచీలుంటాయి. సుమారు గంటన్నరకోసారి ఎగసిపడుతుంది, తర్వాతిది ఎప్పుడో అక్కడే రాసిపెడతారు. పార్కులోనే ఉన్న క్యానియన్ దగ్గర 308 అడుగుల లోయర్ ఫాల్స్‌ను ఆర్టిస్ట్ పాయింట్ నుంచి చూడండి, కొద్ది దూరమే నడక. జలపాతం అంచుకు దిగే దారి మాత్రం మెలికలు తిరుగుతూ బాగా కిందికి పోతుంది, తిరిగి ఎక్కడం కష్టం. అక్కడికి మీరూ పాపా వెళ్లి రండి.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. యెల్లోస్టోన్ సరస్సే 7,700 అడుగులకు పైన ఉంది. నాన్నగారి డాక్టర్‌ను ముందే అడిగి, బీపీ మందులు సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టండి. మొదటి రోజు నెమ్మదిగా తిరగండి, నీళ్లు బాగా తాగించండి. జూన్‌లో కూడా అక్కడ పొద్దున వణికించే చలి ఉంటుంది, ఒక్కోసారి మంచు కూడా పడుతుంది. స్వెట్టర్లు మూటల అడుగున పడేయకండి.

గదులు బుక్ చేసే వరస కూడా ముఖ్యమే. ముందు యెల్లోస్టోన్. పార్కు లోపలి లాడ్జీలు దాదాపు ఏడాది ముందే నిండిపోతాయి. కానీ రద్దయినవి మళ్లీ కనిపిస్తుంటాయి, రోజూ పొద్దునా సాయంత్రం వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. దొరక్కపోతే వెస్ట్ యెల్లోస్టోన్ ఊళ్లో తీసుకోండి. తర్వాత జాక్సన్, ర్యాపిడ్ సిటీ, కోడీ. మిగతా మజిలీలు ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే రేటులో తీసుకుంటే చాలు. ఏదైనా తారీకు జరిగితే ఆ ఒక్క గదే మారుస్తారు, టెన్షన్ ఉండదు. గ్రౌండ్ ఫ్లోర్ గది, ఫ్రిజ్, మైక్రోవేవ్ అడగండి. చిన్న రైస్ కుక్కర్, బియ్యం, పచ్చళ్లు, పొడులు వెంట ఉంటే చికాగో దాటాక భోజనం బెంగ తీరుతుంది. ఆ చిన్న ఊళ్లలో శాకాహారులకు బ్రెడ్డు, బంగాళాదుంపలు తప్ప పెద్దగా దొరకవు. పెరుగు మాత్రం ఏ గ్రోసరీ స్టోర్లోనైనా దొరుకుతుంది.

పార్కుల ఫీజులో 2026 నుంచి మార్పు వచ్చింది. 80 డాలర్ల వార్షిక పాస్ ఇప్పుడు అమెరికా నివాసులకే. నివాసులు కానివారి వార్షిక పాస్ 250 డాలర్లు. అది లేకపోతే ఎక్కువ రద్దీ ఉండే పదకొండు పార్కుల్లో 16 ఏళ్లు దాటిన ఒక్కొక్కరికి మామూలు ఫీజు మీద ఇంకో 100 డాలర్లు పడుతుంది. మీ దారిలో యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ రెండూ ఆ పదకొండులో ఉన్నాయి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చారు కాబట్టి నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ఈ వివరాలు చూసి, బయలుదేరేముందే పాస్ తేల్చుకోండి. రష్మోర్‌కి ప్రవేశ రుసుము లేదు, పార్కింగ్‌కి మాత్రం కట్టాలి, దానికి పాస్ పనిచేయదు. అందరి పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు చూపే రికార్డు) కాగితాలు కారులోనే ఉంచుకోండి. పౌరులు కాని పెద్దవాళ్లు వాటిని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది ఇక్కడి చట్టం.

సొంత కారా, అద్దె కారా అన్నారు. ఎలాగూ కారు అటు చేరాలి, పైగా అద్దె కారును ఒక చోట తీసుకుని ఇంకో చోట వదిలితే విడిగా ఫీజు వేస్తారు. కాబట్టి సొంత కారే. కానీ ఇంటి సామానంతా కారులో కుక్కకండి. మిగతావి వేరే పంపించేయండి. వెనక అద్దంలోంచి రోడ్డు కనిపించాలి, స్పేర్ టైర్ సామాను కింద సమాధి కాకూడదు. అసలు మీ కారుకు స్పేర్ ఉందో లేదో ఇవాళే చూడండి, ఈమధ్య చాలా కార్లకు గాలి నింపే కిట్ మాత్రమే ఇస్తున్నారు. టైరు అంచు మీద డీఓటీ అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆరేళ్లు దాటిన టైర్లతో ఈ ట్రిప్‌కి బయలుదేరకండి. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ ఫ్రేము మీది స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది అది తట్టుకోగల గరిష్ఠం, దాన్ని చూసి నింపొద్దు.

వ్యోమింగ్, నెవాడాల్లో పెట్రోలు సగానికి రాగానే నింపేయండి. ఎల్కో నుంచి విన్నెమక్కాకి 120 మైళ్లకు పైనే, మధ్యలో ఉన్నవి చిన్న ఊళ్లు. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దింపుకోండి, యెల్లోస్టోన్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

నగరాల్లో కారు భారమే. చికాగోలో హోటల్ పార్కింగ్‌లో పెట్టేసి రైళ్లలో, టాక్సీల్లో తిరగండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో కారు అద్దాలు పగలగొట్టి సామాను ఎత్తుకెళ్లడం మామూలే. సూట్‌కేసులు కనిపించే కారును గోల్డెన్ గేట్ దగ్గర పార్క్ చేయకండి. ముందు ఇంటికెళ్లి సామాను దించాకే ఊరు చూడండి.

చివరి రోజు రెనో దాటి కొండలెక్కాక, ట్రకీ దగ్గర కాలిఫోర్నియా వ్యవసాయ తనిఖీ కేంద్రం ఉంటుంది. పళ్లు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. కుండీలో పెంచిన కరివేపాకు మొక్కను మన వాళ్లు చాలామంది ప్రాణంలా చూసుకుంటూ కారులో ఎక్కిస్తారు. అది నిమ్మ జాతికి చుట్టం, నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే పురుగు దాని మీద బతుకుతుంది. అందుకే లోపలికి రానివ్వరు, తీసేసుకుంటారు. మీ ఇంట్లో ఉంటే న్యూజెర్సీలోనే తెలిసినవాళ్లకు ఇచ్చి రండి. నిమ్మకాయలు, నారింజలు కూడా నెవాడాలోనే తినేయండి. అక్కడి నుంచి డానర్ సమ్మిట్ దాకా ఎక్కాక, శాక్రమెంటో దాకా దాదాపు అంతా దిగుడే, గేరు తగ్గించే నడపండి. బే ఏరియాలోకి మాత్రం సాయంత్రం మూడు నుంచి ఏడు మధ్య అడుగుపెట్టేలా పెట్టుకోకండి.